కొత్త చెయ్యి, పాత బాట

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



కాపురానికొచ్చిన కొత్త కోడలికి మన పెద్దవాళ్లు మొదటి రోజే మరిగే గంజి కుండ అప్పగించేవారు కారు. ముందు కూర తరగమనేవారు. తర్వాత పోపు పెట్టమనేవారు. చెయ్యి కుదిరింది, మసిగుడ్డ పట్టుకోవడం వచ్చింది అనిపించాకనే గంజి వార్చనిచ్చేవారు. ఇంత జాగ్రత్త ఎరిగిన మనం, టన్ను బరువుండే ఇనుప బండిని మాత్రం నెల రోజులు నేర్చుకున్న చేతికిచ్చి, లారీలు దూసుకుపోయే హైవే మీదకు పంపిస్తున్నాం. ఇదేం లెక్క?

ఈవేళ ఆ సంగతే మాట్లాడుకుందాం. మన ఉద్దానం వైపు రోడ్డు కథ, బండి నడపడం మనుషులు నేర్చుకున్న కథ, రెండూ కలిపి చెప్తాను. కథ తెలిస్తే జాగ్రత్త ఎందుకో దానంతటదే తెలుస్తుంది.

శ్రీకాకుళం జిల్లా పటం తీసి చూడండి. ఒక పక్క మహేంద్రగిరి, దాని వెనక కనుమలు. ఇంకో పక్క సముద్రం. మధ్యనున్న సన్నపాటి నేల మీదే ఇచ్ఛాపురం, కంచిలి, పలాస, టెక్కలి, నరసన్నపేట అన్నీ సర్దుకున్నాయి. రైలు పట్టాలూ అక్కడే, పెద్ద రోడ్డూ అక్కడే, జీడితోటలూ కొబ్బరితోటలూ అక్కడే. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయేవాళ్లెవరైనా ఈ ఇరుకులోంచే పోవాలి. 1510 ప్రాంతంలో చైతన్య మహాప్రభువు పూరీ నుంచి బయలుదేరి శ్రీకూర్మం దర్శించుకున్నాడంటే, ఈ తీరం వెంబడే నడిచి వచ్చాడన్నమాట. ఆ తర్వాత దొరల కాలంలో ఇదే మద్రాసు నుంచి కలకత్తా పోయే బాట అయింది.

అప్పట్లో టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం గంజాం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇవి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. ఈ మధ్య 2022లో పలాస రెవిన్యూ డివిజను కూడా అయింది. జిల్లా పేర్లు ఇన్నిసార్లు మారినా బాట మాత్రం ఆ బాటే.

1893, 1896 సంవత్సరాల మధ్య బెజవాడ నుంచి కటకం దాకా రైలు పడింది. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి తమ ఊరికి చిన్న రైలు వేయించుకున్నారు. అయినా ఊరి నుంచి ఊరికి, తోట నుంచి సంతకి నడిచింది నాటుబండే. కొబ్బరికాయలు, పనసకాయలు, జీడిపిక్కలు, నౌపడా ఉప్పు, అన్నీ ఎద్దుల మెడల మీదే కదిలేవి.

ఆ బండిలో ఒక సుఖం ఉండేది. మా మామగారు చెప్పేవారు, వాళ్ల నాయన తోట నుంచి రాత్రిపూట బండి తోలుకొస్తూ గడ్డి మీద పడి నిద్రపోయేవారట. ఎద్దులు వాటంతట అవే గెడ్డ దాటి, మలుపు తిరిగి, ఇంటి వాకిట్లోకొచ్చి ఆగేవిట. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎద్దులే పక్కకి ఒదిగేవి. గొయ్యి కనిపిస్తే అవే నిలబడిపోయేవి. అంటే ఆ ప్రయాణంలో సగం తెలివి ఎద్దులది, సగం మనిషిది. మోటారు బండికి ఆ సగం లేదు. అది గొయ్యిని చూడదు, ఎదురొచ్చే బిడ్డను చూడదు. మొత్తం తెలివంతా నడిపేవాళ్ల దగ్గరే ఉండాలి. ఎద్దుబండి నుంచి మోటారుకు మారినప్పుడు మనిషికి పెరిగిన బాధ్యత ఇది. దీన్ని గుర్తించడానికి లోకానికి చాలా ఏళ్లు పట్టింది, చాలా ప్రాణాలు పోయాయి.

ఆ కథ కూడా ఒక ఇల్లాలితోనే మొదలవుతుంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనకు చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి వెళ్లింది. దూరం నూరు కిలోమీటర్ల పైమాటే. అప్పటిదాకా మోటారు మీద అంత దూరం వెళ్లినవాళ్లే లేరు. దారిలో ఇంధనం అయిపోతే మందుల షాపులో కొనుక్కుంది. గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసేసింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. మోటారు బండికి బ్రేకు తోలు వేయించాలన్న ఊహ అలా పుట్టింది. పుట్టింటి ప్రయాణం కదా, ఆడవాళ్లకి ఎక్కడలేని తెలివీ వచ్చేస్తుంది!

ఇది మొదటి కథ. రెండో కథ వింటే మనసు చివుక్కుమంటుంది. 1896 ఆగస్టు 17న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర బ్రిడ్జెట్ డ్రిస్కల్ అనే 44 ఏళ్ల తల్లి, కూతుర్ని వెంటబెట్టుకుని వేడుక చూడడానికి వచ్చింది. అక్కడ జనానికి చూపించడానికి తిప్పుతున్న మోటారు కారు ఆమె మీదికి వచ్చింది. ఏం చెయ్యాలో తోచక ఆమె అక్కడే నిలబడిపోయింది. కారు తగిలి చనిపోయింది. బ్రిటన్‌లో పెట్రోలు కారు కింద పడి పోయిన మొదటి పాదచారి ఆమే. గంటకు 4 మైళ్ల వేగంతోనే వస్తున్నానని కారు నడిపినతను చెప్పాడు. అంటే మనిషి నడక కంటే కొంచెం ఎక్కువ! వేగం ఒక్కటే చంపదు. నడిపేవాడికి పని కొత్త, దాటేవాళ్లకి బండి కొత్త. రెండు కొత్తలూ ఎదురైన చోట ప్రాణం పోయింది.

అంత జరిగినా చట్టం నెమ్మదిగానే వచ్చింది. 1903లో బ్రిటన్‌లో లైసెన్సు పద్ధతి పెట్టారు కానీ పరీక్ష లేదు. రుసుము కట్టి తెచ్చుకోవడమే. రోడ్డు నియమాల పుస్తకం 1931లో వచ్చింది. కొత్తగా నడిపేవాళ్లందరూ పరీక్ష ఇచ్చి తీరాలన్న నియమం 1935 జూన్ 1న కానీ రాలేదు. ఆ తల్లి పోయిన 39 ఏళ్లకు!

మన దేశంలో మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో, రెండోది 1939లో వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నది 1988 నాటి చట్టం. అది 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2019లో సవరణలు చేశారు. ఈ చట్టం ప్రకారం ముందు నేర్చుకునేవారి లైసెన్సు తీసుకోవాలి. దాని గడువు 6 నెలలు. 30 రోజులు దాటాక అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లచ్చు. ఈలోగా బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి 'ఎల్' అక్షరం కనబడాలి. కారు నేర్చుకుంటుంటే పక్కన లైసెన్సు ఉన్నవారు కూర్చోవాలి, అదీ అవసరమైతే బండిని ఆపగలిగే వీలుగా. స్కూటరు నేర్చుకుంటుంటే నేర్పేవారిని తప్ప ఇంకెవర్నీ వెనక ఎక్కించుకోకూడదు. చాలామంది ఆ ఎర్ర అక్షరం పెట్టుకోవడం నామోషీ అనుకుంటారు. నామోషీ ఎందుకమ్మా? గర్భిణీని చూస్తే నలుగురూ దారి ఇస్తారే, ఆ అక్షరమూ అలాంటిదే. "ఈ చెయ్యి కొత్తది, కాస్త ఎడంగా ఉండండి నాయనా" అని వెనకవాళ్లకి చెప్తుంది.

ఇక ఆడవాళ్లు బండెక్కిన సంగతి. మన దేశంలో మొదట కారు నడిపిన మహిళగా సుజానే టాటాను చెప్పుకుంటారు. అది 1905 నాటి మాట. ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అనే ఆవిడ కారు పందేల్లో పేరు తెచ్చుకుని, 1909లో ఆడవాళ్ల కోసం కారు నడిపే పుస్తకమే రాసింది. చిన్న చేతి అద్దం ఒకటి దగ్గర పెట్టుకోండి, మధ్య మధ్య ఎత్తి వెనకేం వస్తోందో చూసుకోండి అని అందులో సలహా చెప్పింది. కార్లకు వెనక చూసే అద్దాలు బిగించి అమ్మే రోజులు అప్పటికింకా రాలేదు. బొట్టు దిద్దుకునే అద్దాన్ని రోడ్డు చూసే అద్దం చేసిందన్నమాట! మన సావిత్రికి కారు నడపడమంటే ఎంత సరదాయో పాతతరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నల్గొండ జిల్లా తండాలో పుట్టిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరు అయింది.

కానీ మామూలు ఇల్లాలికి బండి అందించింది కార్లు కావు, చిన్న చిన్న మోపెడ్లు. 1972లో లూనా వచ్చింది. 1980లో టీవీఎస్ 50 వచ్చింది. 1984లో వచ్చిన కైనెటిక్ హోండాకి గేర్లు లేవు, కాలితో తన్నే పని లేదు, మీట నొక్కితే చాలు. చీర కట్టుకుని కూడా నడపచ్చని మధ్యతరగతి ఆడవాళ్లకి ధైర్యం వచ్చింది అప్పుడే. 1990ల్లో స్కూటీ, 2001లో యాక్టివా. 1983 డిసెంబరులో మారుతి కారు రోడ్డెక్కాక, దొరల ఇళ్లలోనే ఉండే కారు గుమాస్తాల ఇళ్లకి కూడా వచ్చింది. మన పలాస, కాశీబుగ్గ వీధుల్లో ఈవేళ స్కూటరు మీద వెళ్లే టీచరమ్మలు, నర్సమ్మలు, జీడిపప్పు వ్యాపారం చూసుకునే ఆడవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. మన అమ్మల కాలంలో ఇది ఊహకైనా అందేదా?

అయినా సాధింపులు పోలేదు. "ఏటమ్మా, బస్సు నేదా, ఆటో నేదా? ఈ వొయిసులో నీకెందుకొచ్చిన తిప్పలు?" అని మా వీధిలోనే ఒక పెద్దావిడ ఇంకొకావిడ్ని అడిగింది. ఆ ఇంకొకావిడ జవాబు నాకు బాగా గుర్తుండిపోయింది. "అత్తా, అర్ధరాత్రి ఆయాసమొస్తే ఆటోవోడు ఏడుంటాడు?" అంది.

ఆ మాటలో ఉద్దానం బాధంతా ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లని కుదిపేసిందో వేరే చెప్పక్కర్లేదు. పలాస, టెక్కలి, సోంపేట ఆసుపత్రుల్లో డయాలిసిస్ జరుగుతుంది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి, నాలుగేసి గంటలు ఉండాలి, నీరసంగా తిరిగి రావాలి. కొబ్బరితోటల మధ్యనున్న ఊరి నుంచి రోగిని బస్సు దాకా నడిపించడమే ఒక యజ్ఞం. సంపాదించే మగవాడే మంచాన పడితే బండి తాళం ఎవరు తియ్యాలి? ఇంటి ఇల్లాలే తియ్యాలి. మన ఆడవాళ్లు బండి నేర్చుకునేది షోకుకి కాదు, అవసరానికి. అవసరానికి నేర్చుకునే విద్య కనుకనే హడావిడిగా నేర్చుకోవడం జరుగుతోంది. ప్రమాదమంతా ఆ హడావిడిలోనే ఉంది.

ఎందుకంటే, మనం నేర్చుకునే రోడ్డు సామాన్యమైనది కాదు. స్వర్ణ చతుర్భుజి పేరుతో ఢిల్లీ, ముంబయి, చెన్నై, కలకత్తాలను కలుపుతూ 5,846 కిలోమీటర్ల రహదారి పని 1999లో మొదలుపెట్టారు. దాని కిందనే మన పాత 5వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరసలయింది. 2010లో నంబర్లు మార్చినప్పుడు అది 16వ నంబరయింది. ఎద్దుబండి నడిచిన బాట మీద ఇప్పుడు కలకత్తా లారీలు, మద్రాసు లారీలు వెళ్తున్నాయి. కానీ తోటకి పోయే మనిషి, మేతకి పోయే పశువు, కళ్లాం చాలక రోడ్డు వారన వడ్లు, చోళ్లు ఆరబోసే రైతు వాళ్లు మాత్రం ఆ పాత బాట మనుషులే. పాత ఊరికీ కొత్త రోడ్డుకీ మధ్య సర్దుబాటు ఇంకా కుదరలేదు. కొత్తగా నేర్చుకున్న చెయ్యి సరిగ్గా ఆ మధ్యలోకి వెళ్తుంది.

ఈ రోడ్డు చిన్నా పెద్దా అని చూడదు. కోటబొమ్మాళి మండలం నిమ్మాడలో పుట్టి కేంద్రమంత్రిగా చేసిన కింజరాపు ఎర్రన్నాయుడుగారు 2012 నవంబరు 2న, అర్ధరాత్రి దాటాక, రణస్థలం దగ్గర కారు ట్యాంకరును ఢీకొని పోయారు. జిల్లా అంతా ఆ పొద్దు పొయ్యి వెలిగించనట్టే అయింది. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నందమూరి హరికృష్ణగారు నల్గొండ దగ్గర పోయారు. రామారావుగారి చైతన్య రథాన్ని రాష్ట్రమంతా తిప్పిన మనిషి ఆయన. అంతటి అనుభవం ఉన్న చెయ్యి! ఆ రోజు సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. చెయ్యి తిరిగినవాళ్లకే తప్పని బెల్టు, నిన్నగాక మొన్న నేర్చుకున్న మనకి అక్కర్లేదా?

ఆ బెల్టుకీ ఒక కథ ఉంది. భుజం మీంచి, నడుం మీంచి మూడు చోట్ల బిగించే ఈ బెల్టును 1959లో స్వీడన్‌లో నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు వోల్వో కార్ల కోసం తయారుచేశాడు. ప్రాణాలు కాపాడే వస్తువు అందరికీ అందాలని ఆ కంపెనీవారు తమ హక్కు బిగించి కూర్చోకుండా మిగతా కంపెనీలనూ వాడుకోనిచ్చారు. అలా ఉచితంగా వచ్చిన మేలును మనం సీటు వెనక్కి తోసేసి కూర్చుంటున్నాం. వెనక సీటులో కూర్చున్న అత్తగారికీ అది కావాలి. చట్టమూ అదే చెప్తుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో హెల్మెట్ పెట్టుకోనివారు 50,029 మంది. వాళ్లలో వెనక కూర్చున్నవారే 14,337 మంది. వెనక కూర్చునేది ఎవరు? ఎక్కువగా మనమే. ఆయన హెల్మెట్ ఆయన పెట్టుకుంటాడు, మనం జడ నలుగుతుందని, పూలు రాలిపోతాయని మానేస్తాం. పూలు సాయంత్రానికి ఎలాగూ వాడిపోతాయి, తల మాత్రం ఒక్కటే కదమ్మా.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. 1987లో న్యూజిలాండ్ దేశం ఒక కొత్త పద్ధతి పెట్టింది. కొత్తవారికి లైసెన్సు ఒక్కసారే చేతికివ్వరు, మెట్లు మెట్లుగా ఇస్తారు. మొదట పక్కన పెద్దవారితోనే నడపాలి. రెండో మెట్టులో ఒక్కరే నడపచ్చు కానీ, రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకా వద్దు, పక్కన అనుభవమున్నవారు లేకుండా నలుగురిని ఎక్కించుకోవద్దు. అది దాటాకే పూర్తి లైసెన్సు. తర్వాత ఇంకా చాలా దేశాలు ఈ దారి పట్టాయి. మన గంజి కుండ పద్ధతే ఇది! మన చట్టంలో ఈ మధ్య మెట్టు లేదు. పరీక్ష పాసైన రోజు సాయంత్రమే, చీకట్లో, వానలో, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని సోంపేట పెళ్లికి వెళ్లిపోవచ్చు. చట్టం అడ్డుకోదు. అందుకని ఆ మెట్లు మన ఇంట్లో మనమే కట్టుకోవాలి. నాకు తోచిన మెట్లు చెప్తాను.

మొదటి మెట్టు ఖాళీ మైదానం. కదలడం కంటే ముందు ఆగడం నేర్చుకోండి. బ్రేకు మీద ఎంత వత్తితే ఎక్కడ ఆగుతుందో కాలికి తెలియాలి. కారైతే హాఫ్ క్లచ్ మీద ఆగకుండా, ఎగరకుండా మెల్లగా కదిలించడం, అద్దాల్లో చూసి వెనక్కి తియ్యడం పూర్తిగా అలవాటవ్వాలి. ఇంట్లోవాళ్లు నేర్పితే మంచిదే కానీ, పక్కన కూర్చుని కేకలేసే గురువు వద్దు. కేకకి చెయ్యి బిగుసుకుంటుంది. కారుకైతే, నేర్పేవారి కాళ్ల దగ్గర కూడా బ్రేకు ఉండే డ్రైవింగ్ స్కూలు బండి మేలు.

రెండో మెట్టు ఊరి రోడ్లు, పొద్దున్నపూట. అక్కడ మన పాత బాట మనుషులంతా కనిపిస్తారు. మేకలు, కోళ్లు, సైకిలు నేర్చుకునే పిల్లలు, జీడిపిక్కల బస్తాలెత్తిన ఆటోలు. రోడ్డు మీదకి బంతి దొర్లుకొస్తే వెనకాలే బిడ్డ వస్తుందని తెలుసుకోవాలి. తీరం వైపు రోడ్ల మీద ఇసుక పేరుకుని ఉంటుంది. ఇసుక మీద స్కూటరు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టారో, జారి పడిపోతారు. ముందే వేగం తగ్గించుకుని, రెండు బ్రేకులూ మెల్లగా వాడండి.

మూడో మెట్టు హైవే, అదీ పగటిపూట, పక్కన అనుభవమున్న మనిషితో. ఇక్కడ కాస్త లెక్క కావాలి. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. ప్రమాదం కంటపడి, కాలు బ్రేకు మీదకి వెళ్లేసరికే ఒక సెకను అయిపోతుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 9 మీటర్లు. మొత్తం 20. అదే 80 వేగమైతే? సెకనుకి 22 మీటర్లు, బ్రేకు పట్టాక ఇంకో 36. మొత్తం 58! వేగం రెండింతలు చేస్తే బ్రేకు దూరం నాలుగింతలు అవుతుంది. కాబట్టి ముందు బండి ఏదైనా గుర్తును, స్తంభమో మైలురాయో, దాటినప్పుడు మనసులో "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు" అనుకోండి. అది పూర్తి కాకుండానే మీరూ అక్కడికి చేరితే మరీ దగ్గరగా ఉన్నారన్నమాట. వానైతే ఆ లెక్క రెట్టింపు చెయ్యండి.

లారీ పక్కన అంటిపెట్టుకుని పోకండి. మీకు లారీ అద్దంలో డ్రైవరు మొహం కనబడకపోతే అతనికి మీరూ కనబడరు. సర్వీసు రోడ్డు నుంచి హైవే ఎక్కేటప్పుడు ఆగి, చూసి, ఎక్కండి. ముందున్న మలుపు దాకా వెళ్లి తిరగడానికి బద్ధకించి ఎదురుదారిలో కొంచెమేగా అని రావద్దు. ఆ కొంచెంలోనే ఎన్నో కాపురాలు కూలాయి. డివైడరు సందులో తిరిగేటప్పుడు రెండు వైపులా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఓపిక పట్టండి. వెనకవాడు హారను కొడుతున్నాడని తొందర పడకండి. హారను వాడిది, ప్రాణం మనది.

నాలుగో మెట్టు రాత్రి. డిమ్ లైటు వెలుతురు మహా అయితే 40 మీటర్ల దాకా పడుతుంది. 80 వేగంలో ఆగడానికి 58 కావాలని ఇందాక లెక్క కట్టుకున్నాం గదా! అంటే కనబడేసరికే ఆలస్యమైపోతుంది. వెనక దీపం లేని కొబ్బరికాయల ట్రాక్టరు, రోడ్డు వారన ఆపిన లారీ, నడుమ పడుకున్న గేదె, వీటికి లైట్లుండవు. అందుకే మొదటి ఆర్నెల్లు రాత్రి హైవే మొక్కు పెట్టుకున్నట్టు మానెయ్యండి. ఇంట్లో రోగి ఉంటే అర్ధరాత్రి 108కి ఫోను చెయ్యడం పిరికితనం కాదు. బండి మన చేతిలో ఉన్నా, కంగారులో ఉన్న చెయ్యి కొత్త చెయ్యికంటే ప్రమాదం.

చివరి మెట్టు వాన, తుఫాను, చలికాలం పొగమంచు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన పలాస దగ్గరే తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లు, జీడిచెట్లు రోడ్లకి అడ్డంగా పడిపోయాయి, కరెంటు తీగలు తెగాయి. అలాంటి రోజున చెయ్యి తిరిగినవాళ్లు కూడా బండి తియ్యరు. గెడ్డ రోడ్డు మీంచి పారుతుంటే లోతు తెలియని నీళ్లలోకి బండి దించవద్దు.

మనకే ప్రత్యేకమైనవి రెండు మాటలు. స్కూటరు ఎక్కేముందు పైటకొంగు, చున్నీ నడుముకి బిగించి దోపుకోండి. వెనక చక్రాన్ని సగమైనా కప్పే కవచం ఉండాలని మన దేశపు నిబంధనల్లోనే రాసి ఉంది. అది మన చీరల కోసం వచ్చిన నియమం. అందంగా లేదని దాన్ని పీకించెయ్యకండి. చంటిపిల్లల్ని ముందు నిలబెట్టుకోకండి. నాలుగేళ్లలోపు పిల్లలకి తగిన హెల్మెట్, మనకి కట్టుకునే పట్టీ ఉండాలి, వేగం 40 దాటకూడదు అని 2022లో నియమం చేశారు.

ఇంకో సంగతి తల్లులకే చెప్పాలి. మీసం మొలవని కొడుకు "అమ్మా, ఒక్క రౌండు" అంటే తాళం ఇచ్చేది మనమే. 18 ఏళ్లు నిండని పిల్లవాడు బండి నడిపి ప్రమాదం చేస్తే, 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకీ బండి యజమానికీ 3 సంవత్సరాల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. జైలు మాట అలా ఉంచండి. ఎదుటి తల్లి బిడ్డకేమైనా అయితే మనం ఏ మొహం పెట్టుకుని బతుకుతాం?

ఇదంతా విని, "అబ్బో, ఇన్ని భయాలుంటే ఎందుకొచ్చిన బండి" అనుకోకండి. నేను చెప్పింది మానమని కాదు, మెట్టు మెట్టుగా ఎక్కమని. ఇంట్లో నేర్చుకుంటున్న కోడలుంటే ఈవేళే ఒక కాగితం మీద ఈ అయిదు మెట్లూ రాసి, బండి తాళాలు తగిలించే మేకు దగ్గర అంటించండి. ఏ మెట్టు దాకా వచ్చిందో ఇంట్లో అందరికీ తెలియాలి. ఆ మెట్టు దాటి పంపమని ఎవరు తొందరపెట్టినా, ఎంత దగ్గరివాళ్ల పెళ్లయినా, "ఇంకా ఆ మెట్టు రాలేదండీ" అని మీరే అడ్డుపడండి. కోడలికి ఆ మాట చెప్పే ధైర్యం ఉండదు, అత్తగారు చెప్తే ఎవరూ కాదనరు.